చిన్న పియానో కింది తీగలు

ఆయన్ను ఊళ్లో అందరూ చెవి మాస్టారనే పిలుస్తారు. పియానోలు శ్రుతి చేయడం ఆయన పని, ఎదుటివాణ్ని కడిగిపారేయడం ఆయన సరదా. ఇంట్లో తలుపు కిర్రుమన్నా అది ఏ స్వరమో చెప్పందే ఊరుకోడు. ఆ చెవి ఒక్కటే ఆయన ఆస్తి. పొగరూ దాన్ని చూసుకునే.

ఆ పొగరుతోనే, తన దగ్గరే పనిచేసే సొంత తమ్ముణ్ని దుకాణంలోంచి గెంటేశాడు. వాడు చేసిన నేరమల్లా చిన్న పియానో కింది తీగలకు ఫోనులో శ్రుతి మీటరు పెట్టి చూసుకోవడం. "చెవి లేనివాడికి ఈ పనెందుకురా? పోయి కాటా కొట్టు పెట్టుకో!" అని వచ్చినవాళ్ల ముందే అనేశాడు. తమ్ముడూ తక్కువ తినలేదు, నాలుగూ దులిపేసి మరీ వెళ్లాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నిజానికి చిన్న పియానోలో కింది తీగలు మహా మొండి ఘటాలు. పొట్టిగా, లావుగా ఉంటాయి. అసలు స్వరం లోపలే అణిగిపోతుంది. దాని మీద సన్నగా తేలే పై స్వరాలను పట్టుకుని, వాటినిబట్టే తీగ బిగించాలి. అవి వినబడినంత కాలం మాస్టారికి ఎదురే లేదు.

మొన్న సంగీత పాఠశాలలో అలాంటి పియానోకే శ్రుతి చేశాడు. మర్నాడు పిల్లల కచేరీ. పంతులమ్మ ఎడమచేతి వైపు మెట్లు నొక్కి మొహం చిట్లించింది.

"ఇక్కడేదో తేడాగా ఉందండీ, మాస్టారూ."

"చిన్న పెట్టెమ్మా, దాని గొంతే అంత. నాకే చెప్తున్నావా?"

రుసరుసలాడుతూ వెళ్లిపోయాడు గానీ మనసు ఊరుకుంటేగా! ఈ మధ్య పిచ్చుకలు అరవడం మానేశాయేమిటని అడిగితే భార్య తనవైపు వింతగా చూసిన చూపు గుర్తొచ్చింది. సాయంత్రం ఏదో మరిచిపోయానన్న వంకతో మళ్లీ వెళ్లాడు.

పియానో ముందు తమ్ముడున్నాడు, చేతిలో తీగలు బిగించే రెంచితో. పంతులమ్మ తల దించుకుంది.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా వెనకాల నా పనే దిద్దుతున్నావట్రా?"

"ఆవిడ పిలిచారు, వచ్చాను. ఫోను కూడా తియ్యలేదన్నయ్యా, చెవితోనే చేస్తున్నా."

"ఓహో! అయితే నేను అటు తిరుగుతా. ఆ చివరి తీగని చెడగొట్టి ఒకసారి, సరిచేసి ఒకసారి మోగించు, ఏది ముందన్నది నీ ఇష్టం. ఏది సరైందో చెప్తా."

"ఎందుకులే, అన్నయ్యా."

"మోగించరా!"

తీగ మోగింది. రెంచి కిర్రుమంది. తీగ మళ్లీ మోగింది. మాస్టారు ఊపిరి బిగబట్టాడు. రెండుసార్లూ ఒకే మోత. ఆ సన్నటి పై స్వరాల జాడే లేదు.

"మొదటిది," అన్నాడు గట్టిగా.

"అవునన్నయ్యా, మొదటిదే," అన్నాడు తమ్ముడు వెంటనే.

మాస్టారు ఇటు తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక అన్న మాటకు అవునన్న పాపాన పోనివాడు, ఇప్పుడు కళ్లలోకి చూడకుండా ఒప్పేసుకున్నాడు. కాదని పోట్లాడినా ప్రాణం హాయిగా ఉండేది.

మొదటిదే సరైనదైతే తీగను మళ్లీ వెనక్కి తిప్పాలి. తమ్ముడు తిప్పలేదు. దాన్నలాగే వదిలేసి, రెంచిని పక్క తీగకు తగిలించాడు.