కరెంటు పోయిన పాట

కనకలక్ష్మి గొంతు ఒకప్పుడు ఎలా ఉండేదో ఆమె కూతురికి తెలియదు.

కూతురు కీర్తనకు ముప్పై దాటాయి. గవర్నర్‌పేటలో ఇన్సూరెన్సు ఆఫీసులో పని. ఆమెకు బుద్ధి తెలిసేనాటికే అమ్మ గొంతు బొంగురు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత అలా అయిపోయింది. ఎండిన కొబ్బరాకును గచ్చు మీద ఈడ్చినట్టుంటుంది మాట. ఆ గొంతుతోనే జోకొట్టింది, ఆ గొంతుతోనే ఎక్కాలు చెప్పింది. కూరగాయల బండిని మేడమీంచి పిలవలేక చప్పట్లు కొట్టి ఆపేది. అందుకే చుట్టాలెవరైనా, మీ అమ్మ పాడుతుంటే పనులు మర్చిపోయి వినేవాళ్ళమే అంటే కీర్తన మర్యాదకు తలూపేది. ఇంటికొచ్చాక మాత్రం, "నీ గొంతుతోనా అమ్మా? వాళ్ళ చెవులకు దండం పెట్టాలి" అని ఏడిపించేది. కనకలక్ష్మి నవ్వేది. ఆ నవ్వూ బొంగురే.

ఆమె పుట్టింది కూచిపూడి పక్కన ఒక చిన్న ఊళ్ళో. తండ్రికి సైకిల్ షాపు. సాయంత్రాలు నాట్యం మేష్టారి అరుగు మీద పిల్లలు అడుగులు నేర్చుకుంటుంటే గోడకు చేరగిలబడి చూసేది. ఆటకు కాళ్ళు లొంగలేదు. పాట మాత్రం, కాలవ వదిలిన రోజు నీళ్ళు వాటంతటవే బోదెలోకి జారినట్టు, ఎవరూ పిలవకుండానే వచ్చేసింది. మేష్టారు విని, తాళాలు వాయించే తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెళ్ళయి విజయవాడ వచ్చాక కూడా మేష్టారి నాట్యబృందానికి ఆమే పాడింది. ఇప్పుడు లేని భర్త వెంకటప్పయ్య ఇరిగేషన్ ఆఫీసు నుంచి సైకిలు మీద నేరుగా హాలుకొచ్చి, చివరి వరసలో కూర్చుని, ఆటను కాక పాటను చూసేవాడు.

ఆ పాటల్లో ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. రికార్డు చేయించుకోవడమంటే అప్పట్లో మద్రాసు వెళ్ళేవాళ్ళ మాట.

అందుకే అటక దులుపుతుంటే పాత వీడియో క్యాసెట్టు దొరికిందని భానుశ్రీ ఫోను చేసినప్పుడు, కనకలక్ష్మి పొయ్యి కట్టేసి కుర్చీలో కూలబడింది. భానుశ్రీ ఆ బృందంలో నాయిక వేషం కట్టేది. ఇప్పుడు మచిలీపట్నంలో ఉంటోంది. క్యాసెట్టులో ఉన్నది మేష్టారు కృష్ణమ్మ మీద కట్టిన బ్యాలే. నది పడమటి కొండల్లో పుట్టి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేదాకా కథ. కనకలక్ష్మి పాడిన ఆఖరి ప్రదర్శన అదే.

క్యాసెట్టును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి భానుశ్రీ పంపింది. ఆదివారం భోజనాలయ్యాక కీర్తన దాన్ని టీవీకి తగిలించింది. కనకలక్ష్మి చీర మార్చుకుని వచ్చింది.

"టీవీ ముందుకా, హాలుకా ఈ ముస్తాబు?"

"కూర్చోవే. ఇవాళ్టితో నీ నోరు మూతపడుతుంది."

తెర మీద ముందు గులాబీలు రాలాయి. తర్వాత రెండు ఎర్రటి గుండెలు విడిపోయి, వాటి మధ్య స్టూడియో పేరు వచ్చింది. వెనక కీబోర్డు మీద పెళ్ళి సన్నాయి. పేర్లు అయ్యాక అది ఆగుతుందని కనకలక్ష్మి చూసింది. ఇద్దరు మనుషులు వేదిక మీదికి గుడ్డ తెర పట్టుకొచ్చారు. తెర కింద భానుశ్రీ గజ్జెల పాదాలు కనిపించాయి. గజ్జెలు మోగలేదు. మృదంగం మీద చెయ్యి పడింది, మృదంగం మోగలేదు. సన్నాయి అలాగే మోగుతోంది, ఎవరో కనపడని వధూవరులకు అక్షింతలు పడుతున్నట్టు.

కనకలక్ష్మి ఫోను అందుకుంది.

భానుశ్రీ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వీడియో తీసినవాడు గుణదల యేసుకుమార్. పెళ్ళిళ్ళు తీసే కుర్రాడు. పెళ్ళి క్యాసెట్టులో జనం మాటలు తీసేసి సంగీతం వేయడం అలవాటు కదా, ఇదీ అలాగే చేశాడు. గోలంతా తీసి శుభ్రం చేశానండీ అని మురిసిపోతూ తెచ్చి ఇచ్చాడట. "నీకు ముందే చెబుదామంటే నోరు రాలేదక్కా" అంది.

ఆ తీసేసిన గోలలో ఉంది కనకలక్ష్మి పాట.

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని, "కట్టెయ్యమ్మా" అంది. కీర్తన ఏడిపించలేదు. రిమోట్ తీసుకుంది గానీ టీవీ కట్టేయలేకపోయింది. ఆ సన్నాయి నోరు మాత్రం నొక్కింది. గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది. తెర మీద భానుశ్రీ, పాతికేళ్ళ భానుశ్రీ, చీర కుచ్చెళ్ళు విసనకర్రలా విప్పుతూ ఏదో అంటోంది.

"ఆవిడ మాట్లాడుతోందేంటి?"

కనకలక్ష్మి తలెత్తింది. ఆట ఆడేవాళ్ళ పెదాలు పాటతో పాటు కదలాలి, కూచిపూడి పద్ధతది. పాత రోజుల్లో వాళ్ళే పాడుకుంటూ ఆడేవాళ్ళు. తర్వాత పాట పక్కకు జరిగింది, పెదాలు మాత్రం పాటను వదల్లేదు. ఇదంతా చెబుతూ చెబుతూ ఆమె టీవీ దగ్గరకు జరిగింది.

"నేను ఊపిరి తీసుకున్నచోటే అదీ తీసుకునేది. చూడు. ఇక్కడ తీసుకున్నాను."

భానుశ్రీ పెదాలు మూసుకుని తెరుచుకున్నాయి. కనకలక్ష్మి తన బొంగురు గొంతుతో మాటలు అందించసాగింది, పాడకుండా, ఉత్తినే. ఎంత దూరమే తల్లీ, ఎంత దూరమే. ఉప్పునీటి ఇంటికి ఎంత దూరమే. ప్రతి మాటా వెళ్ళి అక్కడి పెదాల మీద సరిగ్గా కూర్చుంటోంది.

అంతలో టీవీ చీకటైంది. కీర్తన రిమోట్ వెతికింది.

"టీవీ కాదు. ఆ రోజు హాల్లో కరెంటు పోయింది," అంది కనకలక్ష్మి. ఆ సంగతి ఆమే మర్చిపోయింది.

కెమెరాకున్న బ్యాటరీ లైటు వెలిగింది. నల్లటి నీళ్ళలో చంద్రుడంత వెలుగు, అందులో ఒక్క భానుశ్రీ. అడుగు తప్పలేదు. కానీ ఆటలోనే కొద్దికొద్దిగా కుడిపక్కకు, పాడేవాళ్ళు కూర్చున్న వైపుకు జరుగుతోంది. ఒక చెవి అటు వంచింది. పెదాలు గుండ్రంగా అయ్యి, అలాగే నిలిచిపోయాయి.

"మైకు కూడా పోయే ఉంటుందిగా?"

"పోయింది."

"మరి ఆవిడకు ఎలా వినపడింది?"

కనకలక్ష్మి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "నువ్వు కడుపులో ఉన్నావప్పుడు. ఆ 'దూరమే'లో 'దూ' దగ్గర ఒక్క తన్ను తన్నావు కూడా. అయినా పాట వదల్లేదు," అంది.

కీర్తన వెనక్కి తిప్పింది. మళ్ళీ చీకటి, మళ్ళీ చంద్రుడు. ఈసారి తను కూడా నిండా ఊపిరి పీల్చుకుని, భానుశ్రీ పెదాలు గుండ్రమవ్వగానే "దూ..." అని అందుకుంది. శ్రుతి లేదు, ఏమీ లేదు. ఉత్త ఊపిరి. సాగింది, సన్నబడింది, దగ్గొచ్చి తెగిపోయింది.

రొప్పుతూ టీవీ వంక చూసింది. ఆ పెదాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.