అత్తగారి సూది

కైరోలో ఇన్సాఫ్‌కి పొద్దస్తమానం కోడలు నెర్మీన్ ఒంటి మీదే కన్ను. కూరగాయలు ఎంచినట్టు ఆమె చేతులు నొక్కి చూస్తుంది, మూతి విరుస్తుంది. "ఈ కొవ్వు కరిగితేనే నాకు మనవడు పుడతాడే," అంటూ సన్నబడే ఇంజెక్షన్ తెచ్చి, డాక్టర్ని అడగకుండా గురువారం గురువారం తనే పొడుస్తుంది. ఈసారి మోతాదు రెట్టింపు చేసింది. మర్నాడు భోజనాల దగ్గర మళ్ళీ తనే పళ్ళెం నిండా మాంసం, అన్నం వడ్డించి, "తినవే, నా చేతి వంట నోటికి సహించదా?" అంది. నెర్మీన్ స్నానాలగదిలోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. ఇన్సాఫ్ మొహం వెలిగిపోయింది. బాల్కనీలోకి ఉరికి, వీధంతా మోగేలా నాలుక ఆడిస్తూ సంబరపు కేక వేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చేశారు.

"నెల తప్పలేదత్తయ్యా, ఇది మీ సూదే. గుక్కెడు నీళ్ళు కూడా నిలవట్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అంది నెర్మీన్, నేల మీద కూలబడి.

"నోర్ముయ్, వాళ్ళు వింటారు!" ఇన్సాఫ్ స్నానాలగది తలుపుకి బయట గడియ పెట్టి, నవ్వుతూ షర్బత్ పంచడానికి వెళ్ళింది.