మూడోసారీ ‘ఫిట్’

కొరియా సీరియళ్లను ఎగతాళి చేసే కామెడీ సిరీస్ ఒకటి ఈ సాయంత్రం ఫోన్‌లో చూస్తుంటే, మా నాన్న, బాపు, వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన బొగ్గుబావిలో పనిచేస్తాడు. ఊపిరి అందడం లేదు, ఇక దిగలేనని చెప్పుకుంటే మెడికల్ బోర్డు ఈ రోజు మూడోసారి కూడా ‘ఫిట్’ అని రాసి పంపింది. అన్‌ఫిట్ అని రాస్తే ఆయన ఇంటి పట్టున ఉండేవాడు, కంపెనీ రూలు ప్రకారం ఆ కొలువు మా అన్నకు వచ్చేది.

సిరీస్‌లో హీరోయిన్ ముక్కు నుంచి ఒక్క చుక్క రక్తం కారింది. డాక్టర్ ఆమె చెయ్యి కూడా పట్టి చూడకుండా, మూడు నెలలే బతుకుతుందన్నాడు. ప్రతి ఎపిసోడ్‌లో వచ్చే జోకే ఇది.

“గా డాక్టర్ ఏడుంటడు బిడ్డా?” అన్నాడు బాపు.

“కొరియాల, బాపు. ఊకె నవ్వెటందుకు పెట్టిన్రు.”

“జర మన బోర్డుకు పంపుమను. పుణ్యముంటది.”

పక్కగదిలోంచి వింటున్న మా అమ్మ, అవ్వ, కూడా నవ్వింది. బాపు నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డాడు. అది ఆగేసరికి ఎపిసోడ్ అయిపోయింది. వ్యంగ్యం అంటే ఏమిటో మొన్ననే పరీక్షలో రెండు పేజీలు రాసి వచ్చాను. అది మన ఇంట్లోనే వినపడితే ఏం చేయాలో మాత్రం నాకు తెలియలేదు.

రేపు ఆయనకు మొదటి షిఫ్టు. మీలో ఎవరి నాన్నకైనా ఆ బోర్డు అన్‌ఫిట్ అని రాసి ఉంటే, ఎంత దగ్గితే రాశారో చెప్పండి.