రాజక్క వేళ్ల కోసం కట్టిన బాత్రూం

నిన్న పొద్దున ఫస్ట్ షిఫ్టుకు బండి స్టార్ట్ చేస్తుండగా నస్పూర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఓదెలు బావ లేడు."

ఏ ఓదెలు అని అడిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ముప్పై ఏళ్లుగా నాకు ఉన్నది ఒక్కడే ఓదెలు బావ.

గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదట.

బండికి స్టాండ్ వేసి, హెల్మెట్ తీయకుండా మెట్ల మీద కూర్చుండిపోయాను.

గోదావరిఖనిలో మావి పక్కపక్క కంపెనీ క్వార్టర్లు. చుట్టరికం లేదు. ఆయన భార్య రాజక్క నన్ను తమ్ముడు అన్నది కాబట్టి ఆయన బావ అయ్యాడు. డ్యూటీ చేస్తూ నైట్ కాలేజీ‌లో చదివి నేను డిగ్రీ పాసైన రోజు, కాలనీ అంతా లడ్డూలు పంచింది ఆయనే.

ఆయన టింబర్‌మన్. బొగ్గు బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ మొరటు చేతులు చేసిన అతి చిన్న పని ఒకటి ఉంది. అది నలుగురికీ తెలియాలి.

షుగర్ వల్ల రాజక్క చూపు పోయి ఆరేళ్లు. అయినా క్వార్టర్‌లో ఆమెకు ఏ లోటూ లేదు. ప్రతి గోడా ఆమె చేతికి తెలుసు.

కానీ బావ రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయక తప్పదు. నస్పూర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. అక్కను తొలిసారి అక్కడికి తీసుకుపోయిన రోజే బాత్రూంలో జారి పడింది. మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకొని వస్తూ ఆటోలో ఒక్కటే మాట అన్నది.

"ఒకలు పట్టుకుంటె తానం చేసే బతుకు నాకద్దు. నేను గా ఇంటికి రాను."

బావ మర్నాడు మా గుమ్మంలో నిలబడి, "బామ్మర్దీ, గా బాత్రూం కొలతలు తీసి కాయిదం మీద గియ్యి" అన్నాడు.

అడుగుకు రెండు అంగుళాల చొప్పున ప్లాన్ గీసి ఇచ్చాను. చక్కగా గీశాననే నమ్మకం నాకుండేది.

ఆయన దాన్ని బొమ్మగా కట్టాడు. మొత్తం బాత్రూం ఒక చాటలో పట్టేంత.

నేలకూ గోడలకూ ప్లైవుడ్. లోపల పైపూత తెల్ల సిమెంటు. సైకిల్ ట్యూబు వాల్వులతో రెండు నల్లాలు. వేన్నీళ్ల నల్లాకు మాత్రం సన్నని రాగితీగ చుట్టాడు, వేలికి గరుకుగా తెలియాలని. సైకిల్ పుల్ల వంచి గోడకు హ్యాండిల్. మందు సీసా మూత బకెట్. సుద్దముక్క చెక్కి కమోడ్. పిన్నీసుతో తలుపుకు గొళ్లెం, అది నిజంగానే పడుతుంది!

సబ్బు గూట్లో గోరంత సబ్బు కూడా పెట్టాడు.

"బావా, గిది దేనికి? అక్క చూస్తదా?" అన్నాను.

"వాసన చూస్తది" అన్నాడు.



పని అయిన సాయంత్రం అక్క ముందు పెట్టాడు. ఆమె చూపుడువేలూ మధ్యవేలూ కాళ్లలాగా చేసి తలుపులోంచి లోపలికి నడిపించింది. నల్లా తాకింది. హ్యాండిల్ పట్టింది. గొళ్లెం వేసింది, తీసింది. మేమిద్దరం పరీక్ష రాసిన పిల్లల్లాగా కూర్చున్నాం.

తర్వాత ఒక చెంచాడు నీళ్లు అడిగింది. బొమ్మ నేల మీద పోసి, వేలితో తడిమింది.

"నీళ్లు గీ మూలకే నిలిచినయ్. ముప్పై ఏండ్లు బాయి దిగినోనివి, డిప్ మరిచినవా?"

నీళ్లు దిగిపోయే వాలును బాయిలో డిప్ అంటారు. ఏ కార్మికుడూ మరవకూడనిది.

బావ బిక్కమొహం వేశాడు. "నన్నేమంటవ్? ప్లాన్ గీసింది నీ తమ్ముడు. డిగ్రీ."

"డిగ్రీకి బాత్రూం కడిగితె గద తెలిసేది!"

ముగ్గురం కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాం.

మరుసటి రోజు నస్పూర్ పోయి, అసలు బాత్రూంలో బకెట్ నీళ్లు కుమ్మరించాం. అక్కడా వాలు లేదు, అక్క వేలు చూపించిన మూలలోనే నీళ్లు నిలిచాయి. ఆమె జారింది అక్కడే.

కళ్లున్న మేస్త్రీ చూడలేదు. కొలిచిన నేను చూడలేదు.

బావ బొమ్మ నేల ఉలితో లేపి, వాలు పెట్టి మళ్లీ పోశాడు. అక్క సరే అన్న తరువాతే అసలు నేల పగలగొట్టించాడు. హ్యాండిల్ జానెడు పైకి జరగాలన్నది అక్క, ముందు బొమ్మలో జరిగింది, తరువాత ఇంట్లో. వేన్నీళ్ల నల్లాకు అక్కడా రాగితీగ చుట్టాడు. ఇల్లే బొమ్మను చూసి నేర్చుకున్నది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలాంటి ఇంజనీరింగ్ లేదు.

నెల రోజులు అక్క రోజూ ఆ చిన్న బాత్రూంలో వేళ్లతో నడిచింది. ఆ తరువాత తనే అన్నది, "ఇగ పోదాం పా."

ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి ఉన్నది నాలుగు నెలలు.

నిన్న సాయంత్రం గోదావరి ఒడ్డున కార్యం ముగించుకొని వచ్చాం. ఆడవాళ్లు అక్కకు తానం చేయించాలని చెరో చెయ్యి పట్టుకున్నారు.

"ఇడువుండ్రి. నేనే చేసుకుంట."

గోడ వెంట నడిచింది. లోపలికి పోయింది. గొళ్లెం పడింది.

వాకిట్లో అందరం నిలబడిపోయాం. నల్లా తిరిగింది. చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. మధ్యలో ఒకసారి ఏడుపు. మళ్లీ నీళ్లు.

ఎవరూ తలుపు కొట్టలేదు.

కాసేపటికి, తడి జుట్టుతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బయటికి వచ్చింది.

అక్క పడలేదు, బావా. నువ్వు నిమ్మళంగా ఉండు.