దేవిదాస్ సారు మరిచిపోయిన పేర్లు

దేవిదాస్ సారుకు పేర్లు గుర్తుండవు. మనుషుల పేర్లు కాదు, వస్తువుల పేర్లు. మనుషుల సంగతంటారా, బాన్సువాడ నుంచి కోటగిరి దాకా ఎవరింట్లో ఏ బర్రె ఎప్పుడు ఈనిందో కూడా చెప్పేవాడు. కానీ చేతిలో గరాటు పెట్టి దాన్ని ఏమంటారంటే మాత్రం నట్టేట్లో మునుగుతున్నవాడిలా చూసేవాడు. ఇంకే ఉద్యోగమైనా చెల్లిపోయేది. ఆయన మా బడిలో సైన్సు మాస్టరు.

నేను అదే బడిలో తెలుగు పండితుణ్ణి. పేరు హరనాథబాబు, సొంతూరు తెనాలి పక్కన. మాటల మీద బతికేవాణ్ణి కాబట్టి, మాటకు మర్యాద ఇవ్వనివాళ్లంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. 1975లో ఉద్యోగం దొరికి బాన్సువాడలో బస్సు దిగాను. దిగిన మొదటి వారంలోనే దేవిదాస్ సారు నన్ను ఎండలో నిలబెట్టాడు.

పద్యం చెబుతుంటే ఆరో తరగతి పిల్ల లాలి తలుపు దగ్గరికి వచ్చింది.

"సార్, దేవిదాస్ సారుకు గది కావాల్నంట."

"గది కావాలా? ఎంతసేపు?"

"గంటసేపు సార్. మల్ల ఇస్తడంట."

నాకు తెలిసిన తెలుగులో గది అంటే నాలుగు గోడలు, ఒక తలుపు. కొత్తవాణ్ణి, కాదనలేక నలభై మంది పిల్లల్ని బయటికి తోలి, ఆవరణలో నిలబడి పద్యం పూర్తి చేశాను. గంట కొట్టే వేళకు మళ్లీ లాలి వచ్చింది.

"సార్, ఇంకా గది ఇయ్యలేదని సారు కోపం జేస్తుండు."

"ఎప్పుడో ఖాళీ చేశాను కదమ్మా!"

"గా గది కాదు సార్. గది... గది సార్!" అంటూ లోపలికెళ్లి, నా బల్ల మీదున్న డస్టరు తీసుకుని పరుగెత్తింది.

అప్పటికి నాకు తెలిసింది, ఈ ఊళ్లో 'గది' అంటే 'అది' అని. దేవిదాస్ సారు నోట్లో అయితే అది డస్టరు, త్రాసు, సారాయి దీపం, కప్ప, ఇంద్రధనుస్సు, ఏదైనా కావచ్చునని తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఆయన క్లాసులో ఎలా ఉండాలో కొత్తగా చేరిన పిల్లలకు పాతవాళ్లే నేర్పేవాళ్లు. "సారు ఏదన్న పట్టుకొని నిలవడితే జల్ది పేరు చెప్పాలె. లేకుంటే గంట కొట్టేదాంక గట్లనే నిలవడ్తడు" అని. నిజంగానే నిలబడేవాడు. ఒకరోజు కిటికీలోంచి చూశాను. చేతిలో ఉల్లిగడ్డ.

"చూడున్రి. గిది... గిదేందిరా, పొద్దుగాల కూరల తిన్న... నోట్లనే ఉన్నది, బయటికి వస్తలేదు."

"ఉల్లిగడ్డ సార్!"

"ప్యాజ్ సార్!"

మద్నూర్ వైపు నుంచి వచ్చిన పిల్ల ఒకతి, "కాందా సార్!" అంది.

మూడు పేర్లనూ బోర్డు మీద రాశాడు. "వీట్లల్ల ఏది నిజం? అన్నీ నిజమే. ఇగ దీన్ని ఒలిచి, పొరల ఏముందో చూద్దాం." ఆ తర్వాత పొరను గాజు పలక మీద పరిచి, పైన భూతద్దం పట్టుకుని, దాని పేరు కూడా మరిచిపోయాడు.

ఉల్లిగడ్డతో నాకు పేచీ లేదు. నీళ్లతో వచ్చింది. చెంబెడు నీళ్లు ముందు పెట్టుకుని, "గివి... గవే, మొఖం కడుగుతం గదా, గవి" అంటూ ఆ మనిషి అయిదు నిమిషాలు తల గోక్కున్నాడు. నీళ్ల పేరు మరిచిపోయిన మనిషిని నా జన్మలో అదే చూడటం. వెనక బెంచీలోంచి లంబాడీ తండా పిల్ల కమ్లి లేచి, "పాణి సార్" అంది. బోర్డెక్కింది పాణి. పక్కనే నీళ్లు, ఆ పక్కన జలం. జలం నా పాఠంలోంచి వచ్చిన మాటే, కాబట్టి కొంచెం శాంతించాను.

"ఏ పేరున పిలిచినా కాగేది కాగుతది" అన్నాడు దేవిదాస్ సారు. "ఇగ పొయ్యి మీద పెడదాం."

ఆ జబ్బు నా క్లాసుకు అంటుకోకపోతే ఊరుకునేవాణ్ణేమో. అర్ధసంవత్సర పరీక్షలో 'మా ఊరి బావి' మీద వ్యాసం ఇస్తే ఒక మహానుభావుడు ఇలా రాశాడు: "మా బావి మీద గది ఉన్నది. గదిల గది ఏసి గుంజితే గది నిండ గవి వస్తవి." గిరకలో తాడు వేసి లాగితే బొక్కెన నిండా నీళ్లు వస్తాయని వాడి భావం. అరగంట ఆ కాగితం పట్టుకుని కూర్చుని, మార్కులు ఎన్ని వెయ్యాలో తోచక కళ్లద్దాలు తుడుచుకున్నాను.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఎవరినీ నొప్పించని మనిషి. "పండితులు, మీరే రాయండి. పైకి పంపుతాను" అన్నాడు. నేను నాలుగు పేజీలు రాశాను. దేవిదాస్ గారి జబ్బుకు 'నామవిస్మృతి' అని పేరు కూడా పెట్టాను. ఆ మాట నాకెంత నచ్చిందంటే, ఇంటికెళ్లి మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను.

"బాగుంది. దీనివల్ల ఎవరి ఉద్యోగం పోతుందండీ?" అంది ఆవిడ.

నేను వినిపించుకోలేదు. మాట కుదిరిన సంతోషంలో మనిషి కనపడలేదు నాకు. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు.

ఏడాదిపాటు ఆ ఉత్తరం ఎక్కడ నిద్రపోయిందో గానీ, 1977 జనవరిలో లేచి కూర్చుంది. సోమవారం ఇన్స్పెక్టరు వస్తున్నాడన్నారు. దేవిదాస్ సారు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూస్తాడు. వస్తువుల పేర్లు చెప్పలేకపోతే ఆయన్ని బడిలోంచి తీసి నిజామాబాదులో ఏదో ఆఫీసు బల్ల ముందు కూర్చోబెడతారు. హెడ్మాస్టరు మా అందరి ముందూ ఈ సంగతి చెబుతుంటే నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. దేవిదాస్ సారు మాత్రం, "కానియ్యున్రి సార్" అని చాక్‌పీసులు ఏరుకుంటూ పోయాడు.

శనివారం సాయంత్రం కిరాణా దుకాణంలో చింతపండు కొంటున్నాను. బస్తాల అవతల ఒక గొంతు గడగడా వినిపించింది.

"పటిక అద్దపావు. మైలతుత్తం తులమంత. గరాటు ఒకటి, చిన్నది. వడపోత గుడ్డ మూరెడు. సూదంటురాయి ఉన్నదా? గుర్రపు లాడం లెక్కది, గది కావాలె."

తొంగి చూస్తే దేవిదాస్ సారు. సేటుతో ఉర్దూలో బేరమాడి, పక్కన నిలబడ్డ మద్నూర్ రైతుతో మరాఠీలో ముచ్చటపెట్టి, ఒక్క పేరైనా తడబడకుండా సంచి నింపుకుంటున్నాడు. చింతపండు పొట్లం బస్తా మీదే వదిలేసి ఎదురెళ్లాను.

"మాస్టారూ! మీకు మతిమరుపు లేదా?"

ఆయన చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని దుకాణం పక్కకు లాక్కెళ్లాడు.

"బడిల ఉంటది సార్. బయట ఉండది."

"ఇదేం విడ్డూరమండీ!"

ఆయన సంచి కింద పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"మీరు రాకముందు, తండాకెల్లి రూప్లి అని ఒక పిల్ల వచ్చేది. గా తండాల మొదలు బడికి వచ్చిన ఆడపిల్ల గామెనే. చెంబు చూపెట్టి, ఇందుల ఏమున్నదమ్మా అని అడిగిన. పాణి అన్నది. క్లాసంత నవ్వింది. ముందుగల్ల నవ్వింది ఎవరో ఎరుకనా సార్? నేనే. ఊకెనే, నవ్వు వచ్చింది, నవ్విన. తెల్లారి రాలే. మల్ల ఎన్నడూ రాలే. ఇంటికి పోయి అడిగితే గా పిల్ల నా మొఖం సుత చూడలే."

"అయితే..."

"గప్పటి సంది పేర్లు మరిచిపోతున్న. నవ్వాలంటే నా మీదనే నవ్వనీ. సారుకే పేరు రానప్పుడు, ఏ పేరు చెప్పినా ఏ పిల్లకు సిగ్గుండది గదా."

"మాస్టారూ, ఆ ఉత్తరం రాసింది నేనేనండీ" అన్నాను.

"ఎరుకే సార్. నామవిస్మృతి అని జిల్లాల ఇంకెవ్వరు రాస్తరు?" అని నవ్వాడు. ఆయన తిట్టినా బాగుండేది.

"పోనీ, సోమవారం ఒక్కరోజుకు పేర్లు గుర్తు తెచ్చుకోండి. ఆ ఇన్స్పెక్టరు అడిగినవన్నీ గడగడా చెప్పేయండి. మంగళవారం మళ్లీ మరిచిపోదురుగాని" అని బతిమాలాను.

"కమ్లి చూస్తది గద సార్. నాలుగు నెల్లు నోరు తెరవని పిల్ల, ఇప్పుడు అందరి కన్న ముందు లేస్తది. సారు ఇన్ని దినాలు నటించిండు, నన్ను చూసి జాలి పడ్డడు అనుకుంటది. నవ్వుడుకన్న జాలి చెడ్డది సార్. మల్ల నోరు మూసుకుంటది. ఏడో తరగతి పరీక్ష దగ్గరికొచ్చె. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇగ ఇంటికే." సంచి భుజానికెత్తుకున్నాడు. "పిల్లలకు మాత్రం చెప్పకున్రి. ఒట్టు."

ఒట్టు పెట్టాను.

సోమవారం ఇన్స్పెక్టరు వచ్చాడు. వెనక బెంచీలో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు, నా నాలుగు పేజీలు ముందు పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి, బల్ల మీదున్న గరాటు తీసి దేవిదాస్ సారు చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, దీన్ని ఏమంటారు?"

దేవిదాస్ సారు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కంటికి ఆనించి అందులోంచి ఇన్స్పెక్టరును చూశాడు. చలికాలంలో ఆయన నుదుటి మీద చెమట చూశాను నేను. మూడే మూడు అక్షరాలు. గ-రా-టు. నా నాలుక చివర ఎగురుతోంది.

"గిది... నోట్లనే ఉన్నది సార్" అన్నాడు.

ఇన్స్పెక్టరు ఏదో రాసుకున్నాడు. అప్పుడు కమ్లి లేచింది.

"గరాటు సార్. మా తండాల గ్యాసునూనె సీసల పోసేందుకు పెడ్తరు. కొస సన్నగుంటది, ఒలకది."

థర్మామీటరు చూపించాడు. దేవిదాస్ సారు గుటకలు మింగాడు. "జ్వరం చూసేది సార్" అంది కమ్లి. "దవాఖానల సంకల పెడ్తరు. మరిగే నీళ్లల్ల పెడితే పగుల్తది, లోపలి పాదరసం ఉబ్బుతది."

మాగ్నెట్ చూపించాడు. క్లాసంతా ఒక్క గొంతుతో, "సూదంటురాయి!" అంది. అది నేను నేర్పిన మాట. ఇన్స్పెక్టరు ఎదురుగా ఉన్నాడన్నది మరిచిపోయి చప్పట్లు కొట్టాను.

"నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి?"

"పాణి నూరుకు మరుగుతది సార్" అంది కమ్లి. ఎవరూ నవ్వలేదు. ఆ మాటలో నవ్వడానికి ఏమైనా ఉందని ఆ పిల్లలకు తట్టనే లేదు. దేవిదాస్ సారు గోడవైపు తిరిగి బోర్డు తుడవసాగాడు. దాని మీద అక్షరం లేదు.

గంట కొట్టాక ఇన్స్పెక్టరు జీపు దాకా నడుస్తూ నాతో అన్నాడు. "పిల్లలు ముత్యాల్లా ఉన్నారండీ. కానీ చేతిలో గరాటు పట్టుకుని పేరు చెప్పలేని మనిషిని క్లాసులో ఎలా ఉంచను? మీరు రాసింది నిజమే."

ఒట్టు గట్టున పెట్టి నిజం కక్కేద్దామని నోరు తెరిచాను. ఈలోగా వెనక నుంచి కమ్లి, లాలి రొప్పుతూ వచ్చారు.

"సార్, మా సారును పంపిస్తరా?"

"మీ సారుకు పేర్లే రావు కదమ్మా."

పిల్లలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కమ్లి వెనక్కి తిరిగి దేవిదాస్ సారు రావడం లేదని చూసుకుని, గొంతు తగ్గించింది.

"సారుకు అన్ని పేర్లు ఎరుకే సార్. బజార్ల మంచిగ చెప్పి కొంటడు. మాతోని చెప్పించనీకె మరిచిపోతడు. ఆరో తరగతిలనే మాకు ఎరుకైంది."

ఇన్స్పెక్టరు నావైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను.

"మరి మీకు తెలుసని ఆయనకెందుకు చెప్పలేదు?"

"చిన్నబోతడు సార్" అంది కమ్లి. "పాపం, ఎంత కష్టపడి మరిచిపోతడో!"

ఇన్స్పెక్టరు జీపు పట్టుకుని నవ్వాడు. కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వాడు. నా నాలుగు పేజీలు మడిచి నా జేబులోనే పెట్టి, "తరగతి జ్ఞాపకశక్తి అమోఘం" అని తన పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. జీపు కదిలాక కమ్లి నావైపు తిరిగింది.

"మీరు సుత సారుకు చెప్పకున్రి. ఒట్టు."

ఇంకో ఒట్టు పెట్టాను. పిల్లలకు చెప్పవద్దని సారు, సారుకు చెప్పవద్దని పిల్లలు. నోట్లో నువ్వుగింజైనా నానని నేను రెండు వైపులా కాపలా కాశాను. కమ్లి ఏడో తరగతి పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కింది. దేవిదాస్ సారు ఇంకో ఆరేళ్లు నిశ్చింతగా మరిచిపోయాడు.

1983లో ఆయన రిటైరైన రోజున పాత పిల్లలంతా వచ్చారు. కమ్లి అందరి కంటే ముందు నిలబడింది. దండలు, ఫోటోలు అయ్యాక దేవిదాస్ సారు నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో, గుసగుస అనుకుని గట్టిగానే అడిగాడు.

"పిల్లలకైతే ఎరుక కాలేదు గద సార్?"

ఆయన వెనకే నలభై మంది నోటికి చేతులడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక ఊగిపోతున్నారు.

"ఒక్కరికి కూడా తెలియదు మాస్టారూ" అన్నాను.