పాడ్‌కాస్ట్‌లో తెగిపోయిన వాక్యం

కరోనా వచ్చి బళ్ళు మూసేసిన ఏడాది నేను మర్రిగూడ వైపు ఒక ఊరి ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. అప్పట్లో పాఠాలు టీవీలో వచ్చేవి. పిల్లలు చూస్తున్నారో లేదో మేము ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవాలి. తిరిగితే తెలిసిందేమిటంటే, పాఠం వచ్చే వేళకు ఇళ్ళలో మనుషులే ఉండరు. పిల్లలతో సహా అందరూ పత్తి చేన్లో ఉంటారు. ఇంటికి ఒక ఫోన్ ఉంటే అది తండ్రి జేబులో ఉంటుంది. వీడియోలు పంపితే నెట్ అంతా మీ పాఠానికే అయిపోతోందని వాళ్ళు విసుక్కునేవారు. అందుకని నేను పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా నా గొంతుతోనే చెప్పి, రికార్డు చేసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాను.

నేను చేసింది అంతే. తండ్రులు ఫోన్‌ను గట్టు మీద పెట్టి స్పీకర్ వేసేవారు. పిల్లలతో పాటు పత్తి ఏరే ఆడవాళ్ళూ వినేవారు. ఒకరోజు బస్సు దిగి నడుస్తుంటే ఒక పెద్దామె నన్ను ఆపింది.

"టీచరమ్మా, గా కాకతీయ రాణి యుద్ధానికి పోయింది గదా, ఏమైంది? మా పోరడు ఫోన్ పట్టుకపోయిండు, సగమే ఇన్న."

నేను రోడ్డు మీదే నిలబడి మిగతా సగం చెప్పాను. ఆమె అంతా విని, "మొగోళ్ళకు నచ్చదు తియ్, గంత తెలివి" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఈ సంగతి ఒక పత్రిక జిల్లా పేజీలో మూలన అచ్చయింది. బళ్ళు తెరిచారు, అందరూ మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను. అలాంటప్పుడు హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. చదువులో సాంకేతిక విప్లవం గురించి వారం వారం పాడ్‌కాస్ట్ చేస్తాడట. "మేడమ్, మీ జర్నీ మా శ్రోతలకు చాలా ఇన్‌స్పైరింగ్‌గా ఉంటుంది" అన్నాడు. నేను రోజూ చేసే జర్నీ నల్లగొండ నుంచి మర్రిగూడ దాకా, అందులో సగం నిలబడి. అది ఎవరికి ఇన్‌స్పైరింగ్‌గా ఉంటుందో అర్థం కాలేదు. కానీ మా హెడ్మాస్టరు ఊరుకోలేదు.

"మేడమ్, గిది మన స్కూల్ ఇజ్జత్ ముచ్చట. మీరు పోవాలె. మన బడి పేరు జర రెండు మూడు సార్లు తియ్యున్రి" అన్నాడు.

ఒక ఆదివారం వెళ్ళాను. అది స్టూడియో అంటే స్టూడియో, అపార్ట్‌మెంటులో పడకగది అంటే పడకగది. గోడలనిండా నల్లటి స్పాంజి ముక్కలు. ఫ్యాన్ వేస్తే చప్పుడు వస్తుందని ఆపేశారు. ఇద్దరమూ చెమటలు కక్కుతూ డిజిటల్ భవిష్యత్తు గురించి మాట్లాడుకున్నాం.

కుర్రాడు మంచివాడే. చదువుకున్నవాడు. కానీ నేను చెప్పాల్సిన కథ నేను రాకముందే అతని దగ్గర తయారుగా ఉంది.

"సో మేడమ్, మీ స్టూడెంట్స్, ఆ ఫ్లోరైడ్ బాధల మధ్య, సిగ్నల్ కోసం రోజూ గుట్ట ఎక్కేవారు. ఆ దృశ్యం గుర్తొస్తే మీకేమనిపిస్తుంది?"

"గుట్ట ఎక్కేది మేకల కోసం. సిగ్నల్ ఇంట్లనే వస్తది" అన్నాను.

అతను రికార్డింగ్ ఆపి, మళ్ళీ నొక్కాడు. "పోనీ, చెట్టు?"

"చెట్టు ఎక్కుతే మా హెడ్మాస్టరు కొడతడు."

"మేడమ్, కొంచెం ఎమోషన్ కావాలి. ఒక్క పిల్ల కూడా ఏడవలేదా?"

"ఏడ్చిన్రు. బళ్ళు బంద్ అయినయని ఏడ్చిన్రు. ఇంట్ల ఉంటే పొద్దంతా పనే గదా."

అతనికి అది నచ్చలేదు. ఆ వాక్యంలో సాంకేతికత లేదు. తర్వాత అతను ముందుకు వంగి, ఇదే అసలు ప్రశ్న అన్నట్టుగా అడిగాడు. "రేపటి రోజున టీచర్ అవసరం ఉంటుందా మేడమ్?"

నాకు నిజంగానే కోపం వచ్చింది. ఫ్యాను లేకపోవడం కూడా కొంత కారణం. నేనన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఫోన్ ఉంటే టీచర్ అక్కర్లేదు, పాఠం దానంతట అదే వస్తది అనేటోళ్ళు ఒక్క దినం మా బడికొచ్చి పిల్లల ముంగట నిలబడి చూడాలె" అన్నాను.

పది రోజులకు ఆ పాడ్‌కాస్ట్ భాగం వచ్చింది. నేను బస్సులో చెవుల్లో పెట్టుకుని విన్నాను. మొదట వయొలిన్. ఆ వయొలిన్ మీద నా గొంతు: "ఫోన్ ఉంటే టీచర్ అక్కర్లేదు. పాఠం దానంతట అదే వస్తది." మళ్ళీ వయొలిన్. వెంటనే, పిల్లల చదువుకు ఇక దిగులు లేదంటూ ఒక యాప్ ప్రకటన.

మన భాషలో అసలు సంగతంతా వాక్యం చివరనే ఉంటుంది. కాదనడం, ఔననడం, ఎవరో అంటున్నారనడం అన్నీ ఆ తోకలోనే. కత్తెర పట్టుకున్నవాడికి ఇంత అనువైన భాష ఇంకోటి ఉండదు. తోక ఒక్కటి తీసేస్తే చాలు, తిట్టిన మాట కాస్తా దీవెన అయిపోతుంది. ఫోన్ చేసి అడిగితే, "మేడమ్, మీ హార్ట్ నుంచి వచ్చిన మాట అదే. నిడివి కోసం కొంచెం ట్రిమ్ చేశాం" అన్నాడు.

ఆ ముక్క మాత్రం ఊళ్ళ మీద పడింది. తోటి టీచర్లు స్టాఫ్‌రూములో నాతో మాట్లాడటం మానేసి, నేను వినేట్టుగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. బస్సులో కండక్టరు టికెట్ కొట్టి ఇస్తూ, "ఏం మేడమ్, టీచర్లు అక్కర్లేదన్నరట. మరి మీరు రోజు యాడికి పోతున్నరు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. మా అమ్మ ఇంకా సూటిగా అడిగింది. "గా మాటకు నీ నౌకరి పోతదా బిడ్డా?"

నౌకరి పోలేదు. జిల్లా కేంద్రంలో విద్యాశాఖ ఆఫీసరు ఒకాయనకు ఆ మాట తెగ నచ్చింది. నన్ను పిలిపించి కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

"అద్భుతమైన మాట చెప్పారు మేడమ్. ఒక ఉపాధ్యాయురాలే ఆ మాట అనడానికి ఎంత గుండెధైర్యం కావాలి!"

"సార్, నేను గట్ల అనలేదు. చివర కోసేసిన్రు" అన్నాను.

"అదే మీ వినయం" అన్నాడు.

అక్కడికక్కడే నాకు డిప్యుటేషన్ ఇచ్చారు. ఇకమీదట నేను నల్లగొండలో కూర్చుని, డిజిటల్ బోధన గురించి జిల్లా మొత్తానికి పాడ్‌కాస్ట్ తయారుచేయాలి. మరి నా తరగతి ఎవరు తీసుకుంటారని అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "మీ బడిలో పెద్ద టీవీ ఉంది కదా మేడమ్?"

ఉంది. తెచ్చిన రోజు పసుపు బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. దుమ్ము పడకుండా హెడ్మాస్టరు ఇంటి నుంచి పాత చీర తెచ్చి కప్పాడు. నేను వెళ్ళిపోయాక ఆ చీర తీశారు. నా పీరియడ్‌లో ఆ టీవీ పెట్టి, తలుపు దగ్గరగా వేసి పోయేవారు. నేను అననే అనని మాట ఆ రకంగా నా తరగతిలోనే అమలైంది.

మా మొదటి భాగంలో అతిథి ఆఫీసరు గారే. అంశం ఆయనే ఎంచుకున్నాడు: ఉపన్యాస పద్ధతి ఎందుకు పోవాలి. టీచర్ ఒక్కరే మాట్లాడటం, పిల్లలు నోరు మూసుకుని వినడం అనేది పాతకాలపు అలవాటని ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేను మధ్యలో ఒక ప్రశ్న అడగబోతే చేత్తో ఆగమన్నాడు. గంట దాటాక మంచినీళ్ళు తాగి, "ఇందులో ఒక్క మాట కూడా కట్ చేయకండి" అన్నాడు.

నేను కట్ చేయలేదు. కోతకు గురైనవాళ్ళకు కత్తెర పట్టుకోవాలంటే చెయ్యి రాదు.

కానీ దాన్ని ఎవరూ వినలేదు. నేను, మా అమ్మ, మరో నలుగురు. మా అమ్మ కూడా మొదట్లో నా గొంతు ఉన్నంతవరకే విని, "నువ్వు ఎల్లిపోయినవా?" అని ఆపేసింది. ఆఫీసరుకు ఆ లెక్క చూసి కళ్ళు తిరిగాయి. వెంటనే అన్ని బళ్ళకూ ఆదేశం వెళ్ళింది. ప్రతి శనివారం చివరి పీరియడ్ పిల్లలందరినీ కూర్చోబెట్టి పాడ్‌కాస్ట్ వినిపించాలి. వింటున్నట్టు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. నన్ను పిలిచి, "రెండో భాగంలో పిల్లలు వింటున్నప్పటి శబ్దాలు కూడా పెట్టండి మేడమ్. సహజంగా ఉంటుంది. మీ బడి నుంచే మొదలుపెట్టండి" అన్నాడు.

శనివారం రికార్డర్ తీసుకుని నా బడికే అతిథిలా వెళ్ళాను. వరండాలో పిల్లలందరూ బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ముందు ఒక స్టూలు, స్టూలు మీద స్పీకర్ డబ్బా. ఫొటో తీయడం అయిపోయింది. డబ్బాలోంచి ఆఫీసరు గొంతు గంభీరంగా వస్తోంది: "విద్యార్థిని ప్రశ్నించనివ్వాలి. తరగతి గది నిశ్శబ్దంగా ఉందంటే అక్కడ చదువు లేదని అర్థం."

"సప్పుడు చెయ్యకున్రి! ఒక్కొక్కని ఈపు పగులుతది!" అన్నాడు హెడ్మాస్టరు.

కాసేపటికి పదో తరగతి పిల్ల ఒకతి చెయ్యి లేపింది. డబ్బాకేసి చూస్తూనే లేపి ఉంచింది. హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాడు.

"ఏంది బిడ్డా, చెయ్యి లేపినవ్? బైటికి పోవాల్నా?"

"కాదు సార్. ప్రశ్నలు అడగాలె అంటుండు గదా. అడుగుదామని."

"ఎవర్ని అడుగుతవ్?"

"గా సార్‌నే."

"గాయన ఇన్నా ఇనకున్నా నీకేంది? దించు చెయ్యి!"

ఆ పిల్ల చెయ్యి దించలేదు. వెనక్కి తిరిగి, స్తంభం పక్కన రికార్డర్ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది.

"అయితే మిమ్మల్ని అడుగుత టీచర్. టీవీల చెప్పింది సమజ్ గాకపోతే మల్ల చెప్పుమని ఎట్ల అడగాలె? మేం మూన్నెల్ల సంది అడుగుతనే ఉన్నం. అది ముందుకే పోతాంది."

పిల్లలు నవ్వారు. హెడ్మాస్టరు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. డబ్బాలో ఆఫీసరు మాత్రం ఆగలేదు. ఆ పిల్ల అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

పిల్లలు వెళ్ళిపోయేటప్పుడు ఆమెను ఆపాను. "నువ్వు మాట్లాడింది గీ రికార్డర్ల పడ్డది. పెట్టాల్నా, తీసెయ్యాల్నా?"

"పెట్టున్రి టీచర్. నా పేరు మాత్రం చెప్పకున్రి" అంది.

నల్లగొండకు వచ్చి ఆ రికార్డింగు మళ్ళీ విన్నాను. ఆఫీసరు చెప్పినట్టు శబ్దాలన్నీ సహజంగానే ఉన్నాయి. ఆయన మాట, హెడ్మాస్టరు అరుపు, ఆ పిల్ల ప్రశ్న, నవ్వులు, దూరంగా బర్రె అరుపు. ముందూ వెనకా వయొలిన్ పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రెండో భాగంగా ఎక్కించి, ఆఫీసరుకు లింకు పంపాను. భయం వేసింది. భయంతో పాటే, ఆ పడకగది స్టూడియోలో చెమటలు కక్కినప్పటి నుంచి లోపల ఇరుక్కుపోయినదేదో కొంచెం సడలినట్టూ అనిపించింది.

కాసేపట్లోనే ఆయన నుంచి జవాబు: "చాలా బాగుంది. మొదటి భాగం కంటే పరిణతి కనిపిస్తోంది." దాని కింద చప్పట్లు కొడుతున్న చేతులు. ఆయన వినలేదని అర్థమైంది.

తర్వాతి శనివారం జిల్లాలోని బళ్ళన్నిటిలో ఆ భాగం మోగింది. ఫొటో తీసి ఆపేద్దామనుకున్న టీచర్లు కూడా ఆగి విన్నారట. స్టాఫ్‌రూములో నాతో మాటలు మానేసినామె ఫోన్ చేసి, నవ్వుతూ, నవ్వు మధ్యలో, "గా పిల్ల ఎవరే? నోట్ల శక్కెర పొయ్యాలె" అంది. చాలాచోట్ల మళ్ళీ పెట్టమని పిల్లలే అడిగారట. పాడ్‌కాస్ట్‌ను మళ్ళీ పెట్టమని అడగడం మా జిల్లాలో అదే మొదటిసారి.

అది విననివాడు ఆఫీసరు ఒక్కడే. ఆయన కూడా ఆ మరుసటి శనివారం దేవరకొండ వైపు ఒక బడికి తనిఖీకి వెళ్ళాడు. అక్కడ ఆయన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆయన గౌరవార్థం పాడ్‌కాస్ట్ పెట్టారు. ఆ ఊరి పిల్లలకు అప్పటికే అది కంఠతా వచ్చు. డబ్బాలో హెడ్మాస్టరు నోరు తెరవకముందే వరండా మొత్తం "ఒక్కొక్కని ఈపు పగులుతది!" అని అందుకుందట. ఆయన చివరిదాకా కూర్చున్నాడని, దండ వేయించుకోకుండానే జీపు ఎక్కాడని అక్కడి టీచరు చెప్పింది.

సోమవారం నన్ను పిలిచాడు. ఈసారి టీ లేదు.

"ఏంటి మేడమ్ ఇది?"

"మీరే ఒక్క మాట కూడా కట్ చెయ్యొద్దన్నరు సార్."

"నా మాటలు కట్ చేయొద్దన్నాను!"

ఆయన కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత, కోపం తగ్గిన గొంతుతో, నిజంగా తెలియక అడుగుతున్నట్టు అడిగాడు. "ఆ టీవీని మధ్యలో ఆపి మళ్ళీ పెట్టుకోవచ్చు కదా? ఆ పిల్లకు రిమోట్ ఇవ్వరా?"

"రిమోట్ హెడ్మాస్టరు బీరువాల ఉంటది సార్. పోతే ఆయన జీతంల కోస్తరని."



సాంకేతిక కారణాల వల్ల పాడ్‌కాస్ట్ నిలిపివేస్తున్నట్టు ఒక ఆదేశం, నా డిప్యుటేషన్ రద్దు చేస్తున్నట్టు ఇంకో ఆదేశం ఒకేరోజు వచ్చాయి. శిక్షగా నన్ను మారుమూల బడికి పంపారు. అది నా బడే.

పొద్దున బస్సు దిగి వెళ్ళేసరికి హెడ్మాస్టరు గేటు దగ్గరే ఎదురయ్యాడు. జిల్లా అంతా తన గొంతు మోగినందుకు ఆయనకు కోపంగా ఉందేమోనని నేను తటపటాయించాను. ఆయన బాధ వేరే. "మేడమ్, గదంతా ఇన్నరు, మంచిదే. గని మన బడి పేరు ఒక్కసారన్న చెప్పకపోతిరి" అన్నాడు.

తరగతిలోకి వెళ్తే టీవీ నడుస్తూనే ఉంది. ఆపాను. పిల్లలు బెంచీలు బరబరా ఈడ్చి నల్లబల్ల వైపు తిప్పుకున్నారు. ఆ చప్పుడుకు పక్క తరగతి వాళ్ళు తొంగి చూశారు. రాద్దామంటే సుద్దముక్క లేదు. చదువు డిజిటల్ అయ్యాక ఎవరూ కొనలేదట. పక్కనున్న ప్రాథమిక పాఠశాలకు వెళ్ళి, అక్కడి పంతులమ్మను బతిమాలి, గుప్పెడు అడిగి తెచ్చుకున్నాను. వచ్చేసరికి ఆ పదో తరగతి పిల్ల లేచి నల్లబల్ల తుడుస్తోంది. మూడు నెలల దుమ్ము లేచి అందరమూ దగ్గాము. దగ్గు తగ్గాక పాఠం మొదలుపెట్టాను.