నాలుగున్నర డ్యూటీ

ఈ నెల ఆరో తారీఖు, గురువారం. తెల్లవారకముందే పక్కింటి తాత నంబరు నుంచి ఫోన్ మోగింది. రాసిన పేజీల గురించి అడుగుతాడని భయపడి ఫోన్‌ను దిండు కింద దాచాను. తొమ్మిది రోజులుగా నేను ఒక్క వాక్యం రాయలేదు. మూడోసారి మోగితే అమ్మ ఎత్తింది. మాట్లాడింది తాత కాదు, మిర్యాలగూడ నుంచి ఆయన కూతురు. దవాఖానలో తాత పోయాడని చెప్పింది.

సూర్యాపేటలో ఆయన కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి, రిటైరయ్యాక కోదాడలో మా పక్కింటికి వచ్చాడు. ఆ ఉద్యోగం చేస్తూనే నాలుగు నవలలు రాశాడు. పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా రాత, తర్వాత స్తంభాలు. స్తంభం ఎక్కే ముందు కరెంటు ఆపారా లేదా అని సబ్‌స్టేషన్‌కు ప్రతిసారీ రెండుసార్లు ఫోన్ చేసేవాడట. తోటివాళ్లు పిరికివాడని నవ్వేవాళ్లట. "భయపడ్డ గనుకనే బతికున్న. రాసేటప్పుడు గూడ గంతే బిడ్డా, జర భయముండాలె," అనేవాడు.

నేను ఇక్కడే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నవల రాస్తానని నిరుడు ఆయన దగ్గరికి వెళ్తే, రోజుకో పేజీ రాసి ఆదివారం తెచ్చి చూపమన్నాడు. ఒక వారం బద్ధకించి, శనివారం కూర్చుని ఏడు పేజీలూ రాసేశాను. అనుమానం రాకుండా మూడు రంగుల పెన్నులు వాడాను. ఆదివారం ఆయన చదువుతుంటే ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"పెన్నులు మంచిగనే మార్చినవ్," అన్నాడు కళ్లద్దాలు తీస్తూ. "మొదటి పేజీల ఉరికినవ్, ఏడో పేజీకొచ్చేసరికి నిద్రపోయినవ్. ఏడు దినాల రాత గిట్లుంటదా?"

తిట్టలేదు. నాకు ఉప్మా పెట్టమని భార్యతో చెప్పాడు; ఆమెను నేను అమ్మమ్మా అని పిలుస్తాను. తర్వాత ఆరు నెలలు ఒక్క రోజూ తప్పలేదు. రాత మీద ప్రేమ ఉన్నమాట నిజమే. కానీ పొద్దున్నే లేపింది మాత్రం ఆదివారం భయమే.

జబ్బుచేసి ఆయన కూతురింటికి వెళ్లాక చూపించడానికి ఎవరూ లేరు. మానేశాను. పోవడానికి నాలుగు రోజుల ముందు ఫోన్ చేసి, రాస్తున్నావా అని అడిగాడు. రోజూ రాస్తున్నానన్నాను. ఎన్నో పేజీలో ఉన్నావని ఎప్పుడూ ఆరా తీసే మనిషి, మంచిది బిడ్డా అని పెట్టేశాడు. నమ్మాడో, కనిపెట్టాడో.

మిర్యాలగూడలో అమ్మమ్మ నా చెయ్యి వదల్లేదు. "దవాఖానల గూడ నాలుగున్నరకే లేచి కూసునేటోడు. చేతికి సూదుండె, రాయనీకి రాదు. ఏంది తాతా అని నర్సు అడిగితే డ్యూటీ అన్నడు. మా పిల్ల గూడ గీ టైముల కూసునుంటదని చెప్పిండు ఆమెకు."

ఆ టైములో నేను ముసుగుతన్ని పడుకున్నాను. ఇక ఎన్ని దొంగ పేజీలు రాసినా పట్టుకునేవారు లేరు. అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది అదే.

నా నవలలో ఒక అమ్మాయి తొమ్మిది రోజులకు పైగా త్రిపురారం కాలువ గట్టు మీద ఆగిపోయి ఉంది. రేపు నాలుగున్నరకు లేచి ఆమెను ఒక్క అడుగైనా నడిపించాలి. నడవనంటే, ఆరున్నర దాకా ఆమె పక్కనే కూర్చోవాలి.